దడ గోలీ

చేవెళ్ల,
జూన్ 8

ప్రియమైన చెల్లె భాగీరథికి,

చేవెళ్ల నుంచి నీ అన్న రామలింగం రాసేది. ఫోన్లో నేను నీ మాట సాగనివ్వడం లేదని, ఇకమీదట ఏం చెప్పినా కాగితం మీదే చెబుతానని అలిగి ఫోన్ పెట్టేశావు. సరే, నీ పంతమే నెగ్గనీ. మొయినాబాద్ ఇరవై కిలోమీటర్లు కూడా లేదు, అయినా స్టాంపు అంటిస్తున్నాను.

మార్చిలో నాకు గుండెపోటు వచ్చిన మాట నిజమే. స్టెంటు వేశారు. అక్కడితో పని అయిపోవాలి కదా? మోటారు చెడిపోయింది, మెకానిక్ వచ్చి బాగుచేశాడు. బాగైన మోటారుకు రోజూ ఐదు రకాల గోలీలు దేనికి? మీ వదిన నిర్మల వాటిని ప్లాస్టిక్ డబ్బాలో గదులు గదులుగా సర్ది, కలెక్టరు ముందు ఫైలు పెట్టినట్టు పొద్దునా సాయంత్రం తెచ్చి నా ముందు పెడుతుంది.

ఆ డాక్టరును నువ్వూ చూశావు. మీసాలు కూడా సరిగ్గా రాలేదు. కంప్యూటర్ మీంచి ముఖం ఎత్తకుండా "లైఫ్ లాంగ్ వేసుకోవాలి అంకుల్" అన్నాడు. నలభై ఏళ్లుగా విత్తనాలు, పురుగుమందులు అమ్ముతున్నవాణ్ని. ఏ పురుగుకు ఏ మందు, ఎకరానికి ఎంత అని ఆలూరు నుంచి శంకర్‌పల్లి దాకా రైతులు నన్నడిగి పోతారు. పురుగు చచ్చాక కూడా మందు కొట్టమనే వెర్రివాణ్ని నేను ఇంతవరకు చూడలేదు. ఇప్పుడు చూశాను.

అందుకే రెండు రకాలు మానేశాను. ఒకటి వేసుకుంటే పొడి దగ్గు. ఇంకొకటి గుండె దడ తగ్గాలని రాసిన దడ గోలీ, అది మింగితే మధ్యాహ్నానికల్లా గల్లా మీదే కునుకు. మొన్న మేడ మెట్లు ఎక్కుతుంటే రొమ్ము పట్టేసినట్టయింది. నాలుక కింద పెట్టుకోమన్న చిన్న గోలీని చాయ్‌తో మింగేశాను. ఏ తేడా లేదు. అదీ ఉత్తదే అని తేలిపోయింది.

మోకిల విల్లాల వాళ్లు చేతికి గడియారం కట్టుకుని, నీళ్ల మీటరు చూసుకున్నట్టు గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చూసుకుంటూ నడుస్తారు. నువ్వూ ఆ జట్టుదానివే. మా శంకరయ్యను చూడు. ముప్పై ఏళ్లుగా నా షాపులో బస్తాలు దించుతున్నాడు. పుట్టు దమ్ము, అదే ఉబ్బసం. జేబులో పీల్చుకునే డబ్బీ ఒక్కటి, అంతే. ఈ పత్తి విత్తనాల సీజనులో కూడా వాడు ఒక్కడే లారీ ఖాళీ చేస్తున్నాడు. వాడికి ఏ డాక్టరు ఐదు గోలీలు రాశాడు?

ఆరోగ్యంగానే ఉన్నాను. నీ ఫికర్ నువ్వు చూసుకో.

ఇట్లు,
నీ అన్న రామలింగం


మొయినాబాద్,
జూన్ 12

ప్రియమైన అన్నకు,

'ప్రియమైన' అన్నది అలవాటు కొద్దీ రాశాను, పట్టించుకోకు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి వదిన మీద జాలేసింది. అరవై ఆరేళ్ల మనిషికి నాలుక ఎక్కడుందో తెలియదని నేను అనుకోలేదు. ఆ గోలీ నాలుక కింద కరిగి నేరుగా రక్తంలో కలవాలి. మింగితే దాని సత్తువంతా దారిలోనే పోతుంది. కూర్చుని పెట్టుకోవాలి, నిలబడితే కళ్లు తిరుగుతాయి. ఐదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే అంబులెన్సుకు ఫోన్ చేయాలి. నీ చీటీ మీద ఇదంతా రాసే ఉంటుంది. చీటీ చదవడం నీ హోదాకు తక్కువ కదా.

గుండె నీ బోరు మోటారు కాదు. స్టెంటు అంటే రక్తనాళంలో పెట్టిన సన్నని జాలీ గొట్టం. దాని మీద రక్తం గడ్డ కట్టకుండా రెండు గోలీలు. అవి మానితే ఆ గొట్టమే మూసుకుపోతుంది. నాళాల్లో కొవ్వు పేరుకోకుండా ఒకటి. బీపీ తగ్గించి గుండె బరువు దించడానికి ఒకటి. నీ పొడి దగ్గు బహుశా దాని వల్లే, కొందరికి వస్తుంది. డాక్టరుకు చెబితే వేరేది మార్చి ఇస్తాడు. చెప్పకుండా మానేయడం నీ ఒక్కడికే తట్టే తెలివి. నువ్వు దడ గోలీ అంటున్నదాని పేరు కార్వెడిలాల్. దెబ్బతిన్న గుండెను నెమ్మదిగా కొట్టుకోనిస్తుంది. దాన్ని ఒక్కసారిగా ఆపితే గుండె మళ్లీ అదుపు తప్పుతుంది.

ఇంతకంటే చెప్పను. చెప్పినా లాభం లేదు. సర్కారు దవాఖానలో మందుల కిటికీ వెనక ముప్పై ఏళ్లు కూర్చున్నాను. రోజుకు మూడు వందల చేతులు ఆ కిటికీలో దూరేవి. "ఎర్రది ఎప్పుడు? తెల్లది ఎప్పుడు?" అదే ప్రశ్న, అవే ముఖాలు. పెన్సిలుతో చీటీ మీద గీతలు గీసి బయటికి తోసేదాన్ని. వినే చెవులు, ఎక్కే తలలు నేనెక్కడా చూడలేదు. ఆ వరుసలో నిలబడాల్సిన తల మన ఇంట్లోనే ఉందని ఇప్పుడు తెలిసింది.

గోలీలు అన్నీ వేసుకో. వదినను అడిగానని చెప్పు.

నీ చెల్లెలు,
భాగీరథి


చేవెళ్ల,
జూన్ 17

చెల్లె భాగీరథికి,

నీ పాఠం అందింది. బడి పంతులమ్మవు కావలసినదానివి, పిల్లలు బతికిపోయారు.

నీ పోరు పడలేక అన్నీ వేసుకుంటున్నాను. సంతోషమేనా? దడ గోలీతో సహా. ఒప్పుకుంటున్నాను, అది కాస్త మంచే చేస్తోంది. ఇప్పుడు షాపుకొచ్చే రైతులు పురుగుమందులతో పాటు గుండె మందులు కూడా నన్నే అడుగుతున్నారు. నీ కిటికీలో కంటే నా గల్లా దగ్గరే మర్యాద ఎక్కువ, కూర్చోబెట్టి చాయ్ తాగించి చెబుతాను.

ఊరికే ఒక మాట అడుగుతాను. దమ్ము ఉన్నవాళ్లకు దడ గోలీ పడుతుందా? అది వేసుకున్నాక ఊపిరి కొంచెం పట్టేసినట్టు ఉంటే ఏం చేయాలి? నా కోసం అనుకునేవు, తెలుసుకుందామని అంతే.

వానలు సరిగ్గా పడితే సీజను ఈ నెలాఖరుకు ముగుస్తుంది. శంకరయ్య ఒక్కడితో నెట్టుకొస్తున్నాను.

నీ అన్న,
రామలింగం


మొయినాబాద్,
జూన్ 20

అన్నా,

కార్డు ముక్క చాలు నీకు. మొన్న దగ్గన్నావు. ఇవాళ దమ్మంటున్నావు. వచ్చే వారం నెల తప్పానంటావేమో. గోలీకొక సాకు వెతకడంలో నీకు సాటి లేరు. డాక్టరు రాశాడు, మింగు. ఊపిరి పట్టేస్తే గట్టిగా పీల్చు. ఎందుకు, ఏమిటి అని అడిగి అర్థం చేసుకునే తల నీది కాదు. అర్థం చేసుకోవడం నీ పని కాదు, మింగడమే నీ పని.

భాగీరథి


చేవెళ్ల,
జూలై 2

భాగీరథికి,

శంకరయ్య ఐసీయూలో ఉన్నాడు. నోట్లో గొట్టం వేశారు. నీ కార్డు నా చొక్కా జేబులో ఉంది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. జూన్ నెల నడిమిలో ఒకనాడు వాడు లారీ దించి బస్తాల మీద కూలబడ్డాడు. "సేటు, గుండె దడదడ కొట్టుకుంటున్నది. నిలవడనిస్తలేదు" అన్నాడు. నాకూ మార్చిలో అట్లాగే మొదలైంది. నా జేబులో గోలీ ఉంది, ఇచ్చాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నాకు మంచి చేసిన మందు వాడికీ మంచి చేస్తుందనే కదా ఇచ్చింది. దడ తగ్గిందని వాడే చెప్పాడు. నిన్ను అడిగాను. నువ్వు మింగమన్నావు.

పోయిన శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి ఇంకో లారీ వచ్చింది. పదో బస్తాకో పదకొండో బస్తాకో వాడు గోడ పట్టుకుని కూర్చున్నాడు. డబ్బీ తీసి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. ఆరుసార్లు నేను లెక్కబెట్టాను. ఎప్పుడూ రెండు పీల్పులకే లేచి బస్తా ఎత్తేవాడు. "లోపటికి పోతలేదు సేటు, లోపటికి పోతలేదు" అన్నాడు. తర్వాత మాట రాలేదు. గోళ్లు నల్లబడ్డాయి. ఆటోలో దవాఖానకు, అక్కడి నుంచి ఆక్సిజన్ పెట్టి అంబులెన్సులో సిటీకి తీసుకుపోయాం. మీ మొయినాబాద్ మీదుగానే పోయాం. నీ సందు ముందు నుంచే.

అక్కడ డ్యూటీ డాక్టరు నా చేతిలోని గోలీల పట్టీ చూసి, "దమ్ము పేషెంటుకు ఇది ఎవరిచ్చారు?" అని అరిచాడు. నేను నీ కార్డు తీసి చూపించాను. మా చెల్లె ముప్పై ఏళ్ల ఫార్మసిస్టు, ఆమే మింగమంది అన్నాను. అతను దాన్ని పైకి చదివాడు. శంకరయ్య భార్య మైసమ్మ పక్కనే నిలబడి ఉంది. అంతా విన్నది.

"గీ అమ్మ ఎవరు సేటు?" అని అడిగింది. చెప్పాను. నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"సదువుకున్నోళ్లు ఇద్దరు గలిసి నా మొగని నోట్ల గొట్టం పెట్టిన్రు" అంది. తెచ్చిన పళ్లు ఇవ్వబోతే వెనక్కి తోసింది.

అర్థమయ్యే తల నాది కాదన్నావు. నీ తలలో ఉన్నదంతా ఏమైంది? ఒక్క వాక్యం రాయడానికి నీ పెన్నులో సిరా లేదా?

రామలింగం


మొయినాబాద్,
జూలై 5

అన్నకు,

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని ముందు నిన్ను తిట్టాను, గట్టిగానే తిట్టాను. ఒకరికి రాసిన గుండె మందు ఇంకొకరి నోట్లో వేసే అధికారం నీకెవరిచ్చారు? పురుగుమందుల షాపు పెట్టుకుంటే మనుషులు కూడా పత్తి చేనులా కనిపిస్తారా? ఆ కోపం ఇంకా పోలేదు, పోదు కూడా.

కానీ నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు నేను బాకీ ఉన్నాను. ఇప్పుడు రాస్తున్నాను, చదువు.

దమ్ము వచ్చినప్పుడు ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతాయి. డబ్బీలోని మందు వాటి తలుపులు తెరుస్తుంది. అదే మందు ఎక్కువసార్లు పీలిస్తే గుండె దడ వస్తుంది. సీజనులో, నీ షాపు దుమ్ములో, ఆ ఘాటులో శంకరయ్య రోజంతా పీలుస్తూనే ఉండి ఉంటాడు. అతని దడ నీ దడ లాంటిది కానే కాదు. నువ్వు ఇచ్చిన కార్వెడిలాల్ గుండెను నెమ్మది చేసింది నిజమే. అందుకే తగ్గిందన్నాడు. కానీ అదే గోలీ ఊపిరి గొట్టాలను బిగిస్తుంది, డబ్బీ మందు తెరవాల్సిన తలుపులకు గొళ్లెం పెడుతుంది. ఆ రోజు ఆరుసార్లు పీల్చినా లోపలికి పోకపోవడానికి కారణం అది. దమ్ము ఉన్నవాళ్లకు ఆ గోలీ ఇవ్వకూడదు.

చూశావుగా, ఇంతే. పది వాక్యాలు. జూన్ 20న ఇవి రాసి ఉంటే నువ్వు ఆపేవాడివి. రాయడం చేతకాక మానలేదు. నీకు చెప్పడం దండగ అనుకున్నాను. శంకరయ్యకు దమ్ము ఉందని నీ మొదటి ఉత్తరంలోనే ఉంది. నేను చదివాను. బస్తాలు దించే మనిషి గురించి అడుగుతున్నావని నా బుర్రకు తట్టనే లేదు.

రేపు పొద్దున ఆసుపత్రికి పోతున్నాను. మైసమ్మ చెంప మీద కొట్టినా పడతాను. ఆ కార్డు నువ్వు చింపేయకు. డాక్టరు మళ్లీ అడిగితే ఇవ్వు, చేతిరాత నాదేనని నేను ఒప్పుకుంటాను.

భాగీరథి


మొయినాబాద్,
జూలై 17

అన్నకు,

నా ఉత్తరానికి నువ్వు జవాబివ్వలేదు. వదిన ఫోన్ చేసి, నువ్వు షాపు తెరిచి గల్లా ముందు ఊరికే కూర్చుంటున్నావని చెప్పింది.

శంకరయ్యకు గొట్టం తీసేశారు. సోమవారం ఆలూరులో వాళ్లింటికి తీసుకొచ్చారు. గొంతు బొంగురుపోయింది, నాలుగడుగులు వేస్తే కూర్చుంటున్నాడు. ఆసుపత్రికి వెళ్లిన రోజు మైసమ్మ నా ముఖం చూడలేదు, అందుకే నిన్న ఇంటికి వెళ్లాను.

మైసమ్మ కొట్టలేదు. డిశ్చార్జి కాగితాలు, మందుల సంచి తెచ్చి నా ఒళ్లో కుమ్మరించింది. "నువ్వు ముప్పై ఏండ్లు గోలీలు పంచినవంట గద. ఒక్కొక్కటి చెప్పు. ఇదేంది, ఎందుకు, ఎప్పుడు, మింగకుంటె ఏమైతది. నాకు సమజయ్యేదాక లేవకు" అంది.

చెప్పడం మొదలుపెట్టాను. రెండు మాటలకే ఆపింది. "గట్ల దవాఖాన మాటలొద్దు." మళ్లీ మొదలుపెట్టాను. రోజూ పీల్చాల్సిన డబ్బీ వేరు, ఆపదలో పీల్చే డబ్బీ వేరు అన్నాను. రెంటినీ తన చేతుల్లోకి తీసుకుని, "ఇది దమ్ము రాకుండ. ఇది వచ్చినంక. గంతేనా?" అంది. అంతే అన్నాను. పీల్చాక నోరు పుక్కిలించాలని చెప్పడం నేను మరిచిపోయాను. "కాయితం మీద నీళ్ల బొమ్మ ఉన్నది, అది దేనికి?" అని తనే అడిగింది. రెండు గంటలు పట్టింది. చదువు రాని మనిషి నాకు మొత్తం తిరిగి అప్పజెప్పింది, ఒక్క తప్పు లేదు. కిటికీ దగ్గర నిలబడ్డ మూడు వందల చేతుల్లో ఆమెవి కూడా ఉండే ఉంటాయి. తలలు లేనిది అటువైపు అనుకున్నాను ఇన్నేళ్లూ.

ఇక నీ సంగతి. నువ్వు రాయని మాట శంకరయ్య చెప్పాడు.

"రెండో నాడే చెప్పిన అమ్మా. సేటు, గోలీ మింగినకాడికెళ్లి ఊపిరి గుంజుతున్నది అన్న. 'అలవాటైతది, నీకేం తెలుసు' అన్నడు. మల్ల చెప్పిన. గప్పుడు నీ కార్డు సదివి వినిపించిండు. ఒకల గోలీ ఇంకొకలు మింగొద్దని మైసమ్మ మొత్తుకున్నది. సేటు చేత్తోని ఇస్తుంటె వద్దని ఎట్ల అంట?"

రెండుసార్లు చెప్పాడు అన్నా. అందుకేగా నన్ను అడిగావు, తెలుసుకుందామని అంటూ! ఉన్నమాట రాయడానికి నీకు అడ్డమొచ్చింది. వినడానికి నాకు అడ్డమొచ్చింది. ఆ మనిషి నోరు తెరిచి చెప్పిన నిజం మనిద్దరి మధ్య నలిగిపోయింది.

ఆలూరు వెళ్లు. పళ్లు, నోట్లు పట్టుకుని పోకు. ఒట్టి చేతులతో వెళ్లు.

భాగీరథి


చేవెళ్ల,
జూలై 26

ప్రియమైన చెల్లె భాగీరథికి,

ఇవాళ ఆలూరు వెళ్లి వచ్చాను. బస్సులోనే వెళ్లాను.

మైసమ్మ వాకిట్లోనే ఆపింది. "గడప బయటనే నిలవడు సేటు. నువ్వు కూసుంటే నాకు మా ఇల్లు ఇల్లు లెక్క అనిపియ్యదు" అంది. నిలబడ్డాను. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు వచ్చి చూశారు. "ఇగ మా ఆయన నీ దుకాణంల బస్తా ముట్టడు. నువ్వు పిలిస్తే పలకడు. నువ్విచ్చిన పాత చొక్కాలు కూడ మూట గట్టి పెట్టిన, తీస్కపో" అంది. మూట నా కాళ్ల దగ్గర పడేసింది. వంగి తీసుకున్నాను.

శంకరయ్య లోపల మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. ఆయనే పలకరించాడు. "సేటు, నీ గోలీలు మంచిగ మింగుతున్నవా?" అన్నాడు.

ఆయన వెటకారానికి అడగలేదు, నిజంగానే అడిగాడు. నాకు అబద్ధం నోటికి రాలేదు. నీకు రాసినంత సులువుగా రాలేదు. "లేదు శంకరయ్య. దడ గోలీ వారం కూడ సరిగ మింగలే" అన్నాను.

అవును భాగీ. అన్నీ వేసుకుంటున్నానని నీకు రాసింది అబద్ధం. నాకు మంచి చేసిందని రాసింది ఇంకా పెద్ద అబద్ధం. నిర్మల డబ్బాలోంచి తీసి ఇచ్చినప్పుడల్లా నోట్లో వేసుకున్నట్టు నటించి జేబులో వేసుకునేవాణ్ని. దుకాణంలో కొత్త పట్టీలు కూడా అట్లాగే పడి ఉండేవి. ఆయనకిచ్చింది అవే.

శంకరయ్య ఆ బొంగురు గొంతుతో అడిగాడు.

"నీకు పనికిరాని గోలీ నాకెందుకిచ్చినవ్ సేటు?"

మైసమ్మ లోపల గిన్నెలు కడగడం ఆపి గుమ్మంలోకి వచ్చింది, నా జవాబు వినడానికి. నేను తల వంచుకుని నిలబడ్డాను. ఆమె నేలమీద ఉమ్మి లోపలికి పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. జవాబు అప్పుడు తట్టింది. పారేయబుద్ధి కాక ఇచ్చాను. ఈ చొక్కాలు ఇచ్చినట్టే. మందు ఇస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను గానీ, నేను వద్దనుకున్నది ఏదైనా ఆయనకు సరిపోతుందనే లెక్క నాది. ముప్పై ఏళ్లుగా అదే లెక్క.

గురువారం ఆ చిన్న డాక్టరు దగ్గరికి వెళ్లి అన్నీ చెప్పాను. మానేసినవి, చాయ్‌తో మింగింది, ఇంకొకరికి ఇచ్చింది. అతను కంప్యూటర్ వదిలి నా వైపు తిరిగి కూర్చున్నాడు, చాలా మాటలు అన్నాడు, పడ్డాను. దగ్గు తెప్పించే గోలీ మార్చాడు. దడ గోలీని తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాడు. నిర్మల ఎదురుగా మింగి నోరు తెరిచి చూపిస్తున్నాను. అట్లా చూపించమన్నది ఆమె. నన్ను నమ్మడం మానేసింది, సరైన పనే చేసింది.

రేపు మళ్లీ ఆలూరు పోతున్నాను. ఆయన అడిగినదానికి జవాబు నీకు రాస్తే సరిపోదు, ఆయన ముందు నిలబడి చెప్పాలి. విన్నాక మైసమ్మ ఏమంటుందో నాకు తెలుసు. గడప బయటే నిలబడి వింటాను.

నీ అన్న,
రామలింగం